సామీ అల్లస్కువ్లా: నార్వే ఉత్తరసీమలో ఒక మాతృభాషా కళాశాల చరిత్ర

నార్వే దేశమున ప్రభుత్వము నడుపు వృత్తివిద్యా కళాశాలలు అనేకములు కలవు. పాఠశాలలకు ఉపాధ్యాయులను, వైద్యశాలలకు నర్సులను, కర్మాగారములకు ఇంజనీర్లను సిద్ధపఱచుట, ఆ యా వృత్తులకు సంబంధించిన పరిశోధన సాగించుట వాని పని. అందు మిక్కిలి చిన్నవానిలో నొకటి ఫిన్‌మార్క్ సీమయందలి కౌటొకేనో గ్రామమున నున్న సామీ అల్లస్కువ్లా. ‘అల్ల’ యనగా ఉన్నతము, ‘స్కువ్లా’ యనగా పాఠశాల. ఇది 1989వ సంవత్సరమున స్థాపింపబడెను. ఇచట పాఠము చెప్పు భాష సామీ. కార్యాలయమున ఉత్తరప్రత్యుత్తరములు సాగు భాషయు సామీయే. ఒక దేశమున నొక కళాశాల తన సీమలోని భాషలో పాఠము చెప్పుటలో వింత యేమున్నదని తోచవచ్చును. ఆ భాషను పాఠశాలలనుండి తుడిచివేసినందులకే అదే ప్రభుత్వము అర్ధశతాబ్దికి పైగా ఉపాధ్యాయులకు అదనపు ద్రవ్యము ముట్టజెప్పెనని తెలిసిన పిమ్మటనే ఈ చిన్న కళాశాలకు గల గౌరవము బోధపడును.

సామీలు నార్వే, స్వీడను, ఫిన్లండు, రష్యాల ఉత్తరభాగములందు అనాదిగా నివసించుచున్న జాతి. పూర్వగ్రంథములలో వీరిని లాపులని వ్రాసిరి. ఆ పేరును వారు అవమానకరముగా నెంచుదురు. వీరి సంఖ్య 50,000 మొదలు 1,00,000 వఱకు నుండునని అంచనా. వీరి నుడి ఫిన్నిష్, ఎస్టోనియను భాషలకు చుట్టము. నార్వీజియనుతో దానికి బంధుత్వము లేదు. సామీ యనునది నిజమునకు ఒక్క భాష గాదు, ఒక భాషాకుటుంబపు శాఖ. అందు ఉత్తర సామీ పెద్దది. దానిని మాటలాడువారు ఇంచుమించు 20,000 మంది. దక్షిణ సామీ మాటలాడువారు కొన్ని వందలమంది మాత్రమే. కౌటొకేనో ఉత్తర సామీకి ఆయువుపట్టు వంటి చోటు. విస్తీర్ణమున సుమారు 9,700 చదరపు కిలోమీటర్లు గల ఆ పురపాలక ప్రాంతమున జనసంఖ్య 3,000 దరిదాపుల నుండును. శీతకాలమున కొన్ని వారములపాటు సూర్యుడు కానరాడు. రెయిండీరు మందలు చలికాలమంతయు అచట నుండి, వసంతమున సముద్రతీరమునకు తరలిపోవును; మందలతో పాటు కుటుంబములును పోవును. అచట అంగడిలోను, చర్చిలోను, పంచాయితీలోను వినవచ్చునది సామీభాషయే.

సామీభాషను చదువునందు వాడవలెనా వలదా యను వివాదము ఈ కళాశాల పుట్టుకకు 270 సంవత్సరములకు పూర్వమే మొదలైనది. నార్వే అప్పుడు డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండెను. 18వ శతాబ్ది తొలిపాదమున థామస్ వాన్ వెస్టెన్ అను మతాచార్యుడు ట్రోండ్‌హైమ్ నగరమున సామీల నడుమ పనిచేయువారికి శిక్షణ నిచ్చు పాఠశాల నొకదానిని నెలకొల్పెను. ప్రజల హృదయములను వారి నుడితోనే యందుకొనవలెనని ఆయన మతము. ఆయన పిమ్మట కొంతకాలమునకు, 1752లో, అదే నగరమున సామీభాషా విద్యాలయము క్నూడ్ లేమ్ ఆధ్వర్యమున సాగెను. లేమ్ పండితుడు. 1748లో సామీ వ్యాకరణమును, 1767లో ఫిన్‌మార్క్ సామీల జీవనమును గూర్చిన బృహద్గ్రంథమును, పిదప నిఘంటువును ప్రకటించెను. 1774లో ఆయన మరణింపగనే ఆ విద్యాలయమును మూసివేసిరి. ఒక మనిషి ఊపిరిమీద నిలిచిన సంస్థ యెంత బలహీనమో దీనివలన తెలియుచున్నది. ఇట్టి ఉదాహరణములు అల్పసంఖ్యాకభాషల చరిత్రలో అడుగడుగునకు గానవచ్చును.

1814లో నార్వే డెన్మార్కునుండి విడివడి స్వీడనుతో జతపడెను. 1826లో ట్రొండెనెస్ అను చోట ఉత్తరసీమకు ఉపాధ్యాయుల సిద్ధము చేయు పాఠశాల వెలసినది. అది 1848లో ట్రోమ్‌సో పట్టణమునకు మారినది. ఆ కాలముననే నిల్స్ విబె స్టోక్‌ఫ్లెత్ అను మతాచార్యుడు సామీభాష నేర్చి, దానియందు పాఠ్యగ్రంథములు వ్రాసి, 1840లో కొత్తనిబంధన యనువాదమును వెలువరించెను. సామీపిల్లలకు సామీలోనే చదువు చెప్పవలెనను ఆయన వాదమునకు కొంతకాలము ప్రభుత్వమున పలుకుబడి యుండెను. చరిత్ర ఆ దారినే నడచియున్నచో 1989 వఱకు వేచియుండవలసిన పని లేకపోయెడిది.

కాని 19వ శతాబ్ది నడుమ గాలి మారినది. నార్వే తాను వేఱు జాతినని లోకమునకు చాటుకొన దొడగిన దినములవి. జాతి యొకటి, భాష యొకటి యను భావము బలపడెను. ఉత్తరపు సరిహద్దున ఫిన్నిష్ మాటలాడు క్వేనులును, సామీలును నివసించుటచే, రష్యా ఆధీనమున నున్న ఫిన్లండునుండి ఉపద్రవము వచ్చునేమో యను భీతి పాలకులను పీడించెను. 1851లో నార్వే పార్లమెంటు ‘ఫిన్ నిధి’ యను పేర కొంత ద్రవ్యమును ప్రత్యేకించెను. అప్పటి నార్వీజియనులో ఫిన్ను లనగా సామీలు. ఆ నిధినుండి, నార్వీజియను నేర్పుటలో నేర్పు చూపిన ఉపాధ్యాయులకు వేతనముపై అదనపు బత్తెము లభించెను. ఆ మఱుసటి యేడే, 1852 నవంబరు 8వ తేదీన, కౌటొకేనోలో ఒక సామీ మతోద్యమము తిరుగుబాటై పరిణమించెను. వర్తకుడొకడును, షెరీఫును హతులైరి. 1854లో అస్లాక్ హెట్టా, మోన్స్ సోంబీ అను నిరువురకు శిరచ్ఛేద మొనర్చిరి. వారి కపాలములను శాస్త్రపరిశోధనకని కొనిపోయిరి. అవి తిరిగివచ్చి భూమిలో నుంచబడినది 1997లో!

1880లో వెలువడిన ఉత్తరువు ప్రకారము సామీభాష పాఠశాలలో సహాయభాష మాత్రమే. నార్వీజియను నేర్పుటలో తృప్తికరమైన ఫలితములు చూపని ఉపాధ్యాయునకు వేతనవృద్ధి లేదు. 1898లో మంత్రి వెక్సెల్‌సెన్ పేరిట వచ్చిన ఉత్తరువు మఱింత కఠినము. పూర్తిగా తప్పనిసరియైనప్పుడు తప్ప సామీపదము తరగతిలో వినబడరాదు. ఆటవిడుపులోను పిల్లలు ఆ నుడి వాడకుండ ఉపాధ్యాయుడు కనిపెట్టియుండవలెను. 1902లో ఫిన్‌మార్కునందు ప్రభుత్వభూముల విక్రయమునకు సంబంధించిన నియమములు వచ్చినవి. నార్వీజియను మాటలాడుట, చదువుట, వ్రాయుట తెలిసినవారికే భూమి యిచ్చెదమని అందు కలదు. పాఠశాలలో భాష పోయిననే గాని పొలము దొరకదన్నమాట. ఆ సంవత్సరముననే ఆ సీమకు విద్యాధికారి పదవి నేర్పఱచిరి. 1905నుండి వసతిపాఠశాలలు లేచినవి. ఏడెనిమిదేండ్ల పసివాడు తల్లిదండ్రులను విడిచి, అర్థము గాని భాషలో వారములకొలది గడపవలసివచ్చెను.

ఈ విధానమునకు చేతికఱ్ఱ యెవరు? ఉపాధ్యాయుడే. పార్లమెంటు నిర్ణయములు ఎన్ని యున్నను, తరగతిలో పిల్లవాని నోరు మూయించువాడును, తెఱపించువాడును అతడే. ప్రభుత్వ మీ సంగతిని చక్కగ గ్రహించెను. కావుననే ట్రోమ్‌సో శిక్షణాలయమున సామీ నేర్పు ఏర్పాటు 20వ శతాబ్ది తొలిదశాబ్దిలో తొలగిపోయినది. సామీకుటుంబములలో పుట్టిన ఉపాధ్యాయులకంటె నార్వీజియను కుటుంబములవారినే సామీగ్రామములకు పంపుటకు అధికారులు మొగ్గుచూపిరి. పిల్లలకు నుడి తెలియని ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయునకు నుడి తెలియని పిల్లలు: ఇట్టి తరగతిలో చదువు ఎంతవఱకు సాగియుండునో ఊహింపవచ్చును. రెండుమూడు తరములు గడచునప్పటికి సముద్రతీరమునందలి సామీలలో తలిదండ్రులే బిడ్డలతో సామీ మాటలాడుట మానిరి. దీనిని వారి యశ్రద్ధగా నెంచుట అన్యాయము. తాము పడిన అవమానము బిడ్డలు పడరాదని వారు తలచిరి. జనగణనలలో తమ్ము సామీలుగా చెప్పుకొన్నవారి సంఖ్య తీరగ్రామములలో చకచక తగ్గిపోయినది. లోపలి భూభాగమున నున్న కౌటొకేనో, కరాస్‌యోక్ గ్రామములలో మాత్రము రెయిండీరు పోషణయే ప్రధానవృత్తి యగుటచే ఇంటినుడి నిలిచినది. మంచుబీళ్ళలో మందను నడుపువానికి నార్వీజియను పదములు చాలవు!

అయినను ఉపాధ్యాయులందఱు తలవంచిరని చెప్పరాదు. ట్రోమ్‌సోలో చదివి ఉపాధ్యాయుడైన సామీ ఇసాక్ సాబా 1906 ఎన్నికలలో గెలిచి పార్లమెంటున కూర్చున్న ప్రథమ సామీ. సామీలు నేడు జాతీయగీతముగా పాడుకొను గీతమును రచించినవాడును ఆయనయే. అది 1906లో ‘సాగయ్ ముయిత్తలెజ్జె’ యను సామీపత్రికలో అచ్చయినది. ఆ పత్రికను 1904నుండి 1911వఱకు నడపిన ఆండెర్స్ లార్సెన్ కూడ ఉపాధ్యాయుడే. ఆయన 1912లో ప్రకటించిన నవల సామీభాషలో మొదటిదిగా పేరొందినది. మూడవవాడు పేర్ ఫోక్‌స్టాడ్ (1890-1973). తానా లోయలో పుట్టి, డెన్మార్కు, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో చదివి, తిరిగి తన యూరనే బడిపంతులైనవాడు. 1924లో ఆయన పార్లమెంటు నియమించిన పాఠశాలా సంఘమునకు ఒక ప్రణాళికను సమర్పించెను. సామీపిల్లలకు మొదట సామీలో చదువు చెప్పవలెను, నార్వీజియనును తరువాత నొక పాఠ్యవిషయముగా నేర్పవలెను అనునది దాని సారము. నేడు ఏ విద్యాశాస్త్రజ్ఞుడును కాదనని మాట. అప్పటి ఫిన్‌మార్క్ విద్యాధికారి బ్రిగ్‌ఫెల్డ్ దీనిని తీవ్రముగ వ్యతిరేకించెను. సామీలకు తమ నుడిని ఉన్నతస్థితికి దెచ్చుకొను సామర్థ్యమే లేదని ఆయన యభిప్రాయము. ప్రణాళిక తిరస్కరింపబడినది. ఫోక్‌స్టాడ్ మాత్రము నిరాశతో ఊరకుండలేదు. మఱి ముప్పదియేండ్లకు ప్రభుత్వము సామీసమస్యలపై సంఘము వేసినప్పుడు అందు ఆయనయు సభ్యుడై యుండెను.

ఆ మధ్యకాలమున యుద్ధము వచ్చినది. 1944 శరత్తున వెనుకకు తగ్గుచున్న జర్మను సైన్యములు ఫిన్‌మార్క్ నంతయు తగులబెట్టినవి. కౌటొకేనోలో 1701నాటి చర్చి కూడ బూడిదయైనది. ఇండ్లతో పాటు వసతిపాఠశాలలును కాలిపోయినవి. పునర్నిర్మాణ సమయమున పాత విధానమును గూర్చి సంశయములు పుట్టినవి. 1948లో పాఠశాలల సంస్కరణ సంఘము సామీపిల్లల చదువు విషయమున దారి మార్చవలెనని సూచించెను. 1951లో మార్గరెథె వీగ్ రచించిన సామీ-నార్వీజియను అక్షరమాల పుస్తకము పిల్లల చేతికి వచ్చెను. 1959నాటి పాఠశాలా చట్టము సామీలో బోధించుటకు ద్వారము తెఱచినది. 1967లో కౌటొకేనో, కరాస్‌యోక్ గ్రామములందు మొదటి తరగతి పిల్లలకు సామీలో అక్షరాభ్యాసము జరిగెను. 1969 చట్టము సామీప్రాంతములందు తలిదండ్రులు కోరినచో సామీ నేర్పవలెనని విధించెను.

చట్టము వచ్చినది, పుస్తకము వచ్చినది, పిల్లలును వచ్చిరి. పాఠము చెప్పు నుపాధ్యాయుడు ఏడీ? అసలు చిక్కు ఇచటనే యున్నది. సామీకుటుంబమున పుట్టి, సామీయే మాటలాడుచు పెరిగిన ఉపాధ్యాయుడు కూడ ఆ భాషలో నొక పుట వ్రాయుట ఎన్నడును నేర్చియుండలేదు. అతని చదువంతయు నార్వీజియనులో సాగినది. లెక్కలు చెప్పవలసివచ్చినచో భిన్నమునకు, గుణకమునకు తన భాషలో మాట తెలియదు. పైగా మూడు దేశములలో మూడు వ్రాతపద్ధతులు వాడుకలో నుండెను. స్వీడనునందలి సామీ వ్రాసిన పుస్తకము నార్వేలోని సామీ పిల్లవానికి పనికిరాదు. ఒక తరమును మౌనముగ నుంచినచో, రెండవ తరమునకు చదువు చెప్పుటకు మొదట గురువులకే చదువు చెప్పవలసివచ్చును.

1973 ఈ విషయమున మేలిమలుపు. ఆ యేడు ఆల్టా పట్టణమున ఉపాధ్యాయ విద్యాలయము నెలకొన్నది. సామీ ఉపాధ్యాయుల శిక్షణకు అచట నొక చోటు లభించినది. ఆ యేడే కౌటొకేనోలో నోర్డిక్ సామీ పరిశోధన సంస్థ పుట్టినది. నార్వే, స్వీడను, ఫిన్లండు దేశముల ప్రభుత్వములు కలిసి దానిని పోషించినవి. భాష, న్యాయము, వృత్తులను గూర్చిన పరిశోధనలను అది ‘దియెజుత్’ అను గ్రంథమాలగా వెలువరింప మొదలిడెను. 1979లో మూడు దేశములకు ఉమ్మడియైన ఉత్తర సామీ వర్ణక్రమము వాడుకకు వచ్చినది. ఆ 1973 చివరిలోనే పేర్ ఫోక్‌స్టాడ్ కన్నుమూసెను.

పిమ్మట జరిగిన ఆల్టా నది యానకట్ట వివాదము లోకప్రసిద్ధము. 1979లో సామీ యువకులు ఓస్లోలో పార్లమెంటు ఎదుట గుడారము వేసి నిరాహారదీక్ష పూనిరి. 1981లో నిర్మాణస్థలమున నిరసనకారులను తొలగించుటకు దాదాపు 600 మంది పోలీసులు దిగిరి. ఆనకట్ట నిలిచినది, కాని ప్రభుత్వపు ధోరణి నిలువలేదు. 1987లో సామీ చట్టము, 1988లో రాజ్యాంగమున సామీల భాషాసంస్కృతులను గూర్చిన నిబంధన, 1989 అక్టోబరు 9న కరాస్‌యోక్‌లో రాజు ఓలవ్ చేతులమీదుగా సామీ పార్లమెంటు ప్రారంభము ఒకదాని వెంట నొకటిగా వచ్చినవి. చరిత్రకారులు ఈ ప్రారంభమునే గొప్పగా వర్ణింతురు. అదే సంవత్సరమున కౌటొకేనోలో నెలకొన్న కళాశాలను గూర్చి ఒక వాక్యముతో సరిపుచ్చుదురు. ఇది సరియైన తూకముగా తోచదు. సామీ పార్లమెంటు చేసిన తీర్మానములను అమలుపఱచుటకు సామీ చదివిన మనుష్యులు కావలెను గదా!

కళాశాలను ఆల్టాలోనే యుంచక కౌటొకేనోకు తెచ్చుటలో గొప్ప వివేకము కలదు. ఆల్టా పట్టణము, అచట సామీ తరగతిగదిలో మొదలై తరగతిగదిలోనే ముగియును. కౌటొకేనోలో విద్యార్థి పాఠము విడిచి బయటకు వచ్చి రొట్టె కొన్నను, బండి బాగుచేయించుకొన్నను సామీయే వినవలెను. భాష రాని విద్యార్థి ఒక శీతకాలము గడచునప్పటికి దానిలో పడిపోవును. స్వీడను, ఫిన్లండులనుండి వచ్చిన విద్యార్థులకును ఆ గ్రామము పరదేశము గాదు. గ్రామము పేరు సామీలో ‘గువొవ్దగెయ్‌ద్ను’. నడిమిదారి యని దాని యర్థము చెప్పుదురు.

మొదట ప్రధానమైన పని ఉపాధ్యాయ శిక్షణ. తరువాత శిశువిద్యాలయములకు గురువులను సిద్ధపఱచుట, సామీ భాషాసాహిత్యములు, పత్రికారచన, దుయోజి యను హస్తకళ, రెయిండీరు పోషణ క్రమముగా చేరినవి. చివరి రెంటిని కళాశాలలో చదువుటేమని బయటివారు తొలిదినములలో విస్తుపోయియుందురు. దుయోజి యనగా కొమ్ముతో, చర్మముతో, వేరుతో, నూలుతో నిత్యోపయోగ వస్తువులను చేయు విద్య. ఏ కాలమున నఱకిన కఱ్ఱ పగులదో, ఏ తోలు దేనికి పనికివచ్చునో తరతరములుగా ఇండ్లలో నేర్చినది. దానిని పరీక్షకు, పట్టమునకు అర్హమైన విద్యగా కళాశాల స్వీకరించెను. రెయిండీరు పోషణలో శాస్త్రమెంత కలదో మంచును గూర్చిన మాటలే సాక్ష్యము. మంచునకు సామాన్యనామము ‘ముఒహ్తా’. గాలికి గట్టిపడి అడుగు దిగబడనిది ‘చెయర్గా’. అడుగున ఉప్పుగల్లులవలె విడివిడిగా నుండునది ‘సెయంగాష్’. దానిక్రింది నాచును జింక సులువుగా త్రవ్వుకొనును. పగటి యెండకు కరగి రాత్రికి గడ్డకట్టి, మనిషిని మోయగల పెచ్చు ‘త్సువొంగు’. నేలకు అంటుకొని గడ్డకట్టిన పొర ‘స్కార్తా’. అది పుట్టిననాడు మందకు మేత దొరకదు, ఆకలిచావులే గతి. ఇవి కవుల పర్యాయపదములు గావు. ఒక్కొక్క మాటలో మందను నేడు ఎచట నిలుపవలె ననెడి నిర్ణయ మిమిడియున్నది.

భాషాశాస్త్రజ్ఞుడును, సామీ పార్లమెంటు ప్రథమాధ్యక్షుడును అయిన ఓలె హెన్రిక్ మగ్గా ఈ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసి, మంచు, రెయిండీరు పదజాలమును గూర్చి వ్రాసెను. ఇంగెర్ మరీ గౌప్ ఐరా 2012లో మంచును గూర్చిన సామీ పరిభాషపై పరిశోధనగ్రంథమును సామీలోనే సమర్పించెను. ఉత్తరధ్రువసీమలో ఋతువులు మారుచున్న ఈ కాలమున, శీతకాలము నడుమ వాన కురిసి గడ్డకట్టుట హెచ్చగుచున్నదని పశుపోషకులు చెప్పుచున్నారు. వారి మాటలను శాస్త్రజ్ఞులు వినవలసివచ్చినప్పుడు ఆ పదజాలము పనికివచ్చెను. ఇట్లే అస్తా బాల్తో అను అధ్యాపకురాలు సామీకుటుంబములలో పిల్లలను పెంచు పద్ధతులను గూర్చి 1997లో గ్రంథము ప్రకటించెను. బిడ్డకు ఆజ్ఞలిచ్చుటకంటె తానై తెలిసికొనునట్లు వదలుట, పెద్దలు హాస్యముతో గిల్లి ధైర్యము నేర్పుట, బంధువులందఱు పెంపకమున పాలుపంచుకొనుట మున్నగు నలవాట్లను ఆమె విద్యాశాస్త్రదృష్టితో పరిశీలించెను. వసతిపాఠశాలల కాలమున క్రమశిక్షణ లేమిగా పేరుపడినదే ఇచట ఉపాధ్యాయ శిక్షణలో పాఠమైనది.

1994లో నార్వే ప్రభుత్వము దేశమునందలి 98 చిన్న కళాశాలలను కలిపి 26 పెద్ద కళాశాలలుగా చేసినది. ఆల్టా విద్యాలయము కూడ ఆ కలయికలో చేరి, 2013లో ట్రోమ్‌సో విశ్వవిద్యాలయమున లీనమైనది. సామీ అల్లస్కువ్లా మాత్రము విడిగా నిలిచినది. విద్యార్థుల సంఖ్యను బట్టి చూచినచో దానిని నిలుపుటకు హేతువు లేదు. దాని సంఖ్య ఎన్నడును కొన్ని వందలకు మించలేదు. ఐనను పెద్ద విశ్వవిద్యాలయమున సామీ యొక శాఖగా నుండునే గాని పాలనాభాష కానేరదు. 2005లో నోర్డిక్ సామీ పరిశోధన సంస్థ కళాశాలతో కలిసెను. బోధనయు పరిశోధనయు ఒక్కకప్పు క్రిందికి వచ్చినవి. 2009లో ‘దియెహ్తోసీదా’ యను నూతనభవనమున ప్రవేశించిరి. ‘దియెహ్తు’ జ్ఞానము, ‘సీదా’ యనగా కలసి మందలను కాచుకొను కుటుంబముల కూటమి. ట్రోమ్‌సో విశ్వవిద్యాలయముతో కలసి ప్రకటించు శాస్త్రపత్రిక సామీభాషలోనే వ్రాసిన పరిశోధనవ్యాసములను అచ్చువేయుచున్నది. అనంతరకాలమున సామీ భాషాసాహిత్యములందు డాక్టరు పట్టము నిచ్చు నధికారమును కళాశాలకు లభించెను. బడిలో అక్షరాభ్యాసమునకే నోచుకొనని భాష అక్షరాభ్యాసమైన 1967నుండి ఐదుపదుల యేండ్లలో ఇంతవఱకు వచ్చినది.

కళాశాల సిద్ధపఱచిన ఉపాధ్యాయులకు పని కల్పించినవి చట్టములు. 1990లో చేసి 1992లో అమలుపఱచిన భాషానియమములు కౌటొకేనో, కరాస్‌యోక్, పొర్సాంగెర్, తానా, నెస్సెబీ, కోఫ్యోర్డ్ అను ఆరు పురపాలక ప్రాంతములలో సామీకి నార్వీజియనుతో సమానస్థాన మిచ్చినవి. 1997లో సామీపాఠశాలలకు ప్రత్యేక పాఠ్యప్రణాళిక వచ్చెను. 1998 విద్యాచట్టము మఱొక మెట్టు. సామీప్రాంతము వెలుపల కూడ ఒక పురపాలక ప్రాంతమున కనీసము 10 మంది విద్యార్థులు కోరినచో సామీమాధ్యమమున చదువు చెప్పవలెను. ఒకసారి మొదలైన పిమ్మట 6 మంది మిగిలినంతవఱకు దానిని ఆపరాదు. భారతదేశమున అన్యరాష్ట్రములందలి తెలుగువారికి ఈ పది యను అంకె క్రొత్త గాదు. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానమున తరగతికి 10 మంది, లేక పాఠశాల మొత్తమున 40 మంది యున్నచో మాతృభాషలో చదువు చెప్పుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని యున్నది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ప్రాథమికవిద్యలో ఆ బాధ్యతను రాష్ట్రములపై మోపినది. రెండు దేశముల నియమములకు తేడా ఆ ‘ఆరు’ అను అంకెలో నున్నది. పది మంది తొమ్మిదిమందియైన నాడే తరగతి మూతపడకుండ నార్వే చట్టము కాపాడినది. ఒక పిల్లవాని తండ్రికి బదిలీ యగుటతో తరగతియే పోవుట యెట్టి నష్టమో అల్పసంఖ్యాకభాషాపాఠశాల లెఱిగినవారు చెప్పగలరు.

అంకెలు చక్కగనున్నను మనుష్యుల కొఱత తీరలేదు. సామీ ఉపాధ్యాయ శిక్షణకు చేరువారు ఒక్కొక్క యేడు వ్రేళ్ళపై లెక్కింపదగినంత మంది. సామీ చక్కగ వచ్చిన యువకునకు రేడియోలోను, పురపాలక కార్యాలయములోను, సామీ పార్లమెంటులోను ఉద్యోగము సులువుగ దొరకుచున్నది, బడిపని కష్టతరము. కళాశాల బలమంతయు ఉత్తర సామీలోనే యున్నది. లూలే సామీ, దక్షిణ సామీ భాషల ఉపాధ్యాయ శిక్షణ భారము నోర్డ్ విశ్వవిద్యాలయముపై నున్నది. అచట విద్యార్థుల సంఖ్య ఇంకను స్వల్పము. మఱియు సామీకుటుంబములనేకములు ఓస్లో, ట్రోమ్‌సో వంటి నగరములకు తరలిపోయినవి. చట్టము ఆ పిల్లలకును సామీ నేర్చుకొను హక్కు నిచ్చినది.

2018లో పార్లమెంటు నియమించిన సత్యశోధన-సమాధాన సంఘము 2023 జూను 1న తన నివేదికను సమర్పించెను. సామీలు, క్వేనులు, అడవి ఫిన్నులు పాఠశాలలలో పడిన బాధలను వారి నోటనే విని అందు పొందుపఱచిరి. చట్టమునందలి హక్కునకును, పిల్లవానికి చేరుచున్న చదువునకును నడుమ నగాధము కలదని సంఘము తెలిపినది. 2024 నవంబరు 12న పార్లమెంటు ఆ మూడు జాతులను క్షమాపణ వేడెను. 1851లో ఫిన్ నిధికి ద్రవ్యము మంజూరు చేసిన పార్లమెంటు అదియే. కౌటొకేనోలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చాలనందున, నేడు ఉత్తరసీమలోని గురువు కంప్యూటరు తెరపై దక్షిణమున నున్న ఒకరిద్దరు పిల్లలకు వారమున కొన్ని గంటలు సామీ చెప్పు పద్ధతి అనేక పాఠశాలలలో సాగుచున్నది. ఆ గంట ముగిసిన పిమ్మట ఆ పిల్లవాడు తక్కిన పాఠములకు నార్వీజియను తరగతికి పోవును.